రద్దు దగ్గర రాసిన మాట

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. వరికోత మిషన్లు కిరాయికిచ్చే మన దుకాణంలో ఇప్పుడు ఫోన్లకు జవాబిచ్చేది ఏఐ. బుకింగ్, రద్దు అంటూ దాని చేతికిచ్చే ఒక్కో పనిముట్టు దేనికో, ఎప్పుడు వాడాలో రాసివ్వాలట. నీ బిడ్డ ఆ రాత నా నెత్తిన పెట్టింది. ‘బుకింగ్ రద్దు’ దగ్గర తమాషాకు ‘సతాయించే గిరాకీకి వాడు’ అని రాశాను. తమాషా తెలియని మొద్దు అది! మూడుసార్లు ఫోన్ చేసిందని మన వెనకింటి లచ్చవ్వ బుకింగే ఎత్తేసింది.

“మబ్బు పట్టింది, మిషన్ ఎప్పుడొస్తదని అడుగుడు సతాయించుడారా? మీ అన్నుంటే గిట్ల చేస్తుండెనా?” అని లచ్చవ్వ దుకాణం ముందే దులిపింది. మిషన్ వెంటనే పంపాను. వాన మాత్రం సగం మడిని ముందే తడిపేసింది.

బోరు స్విచ్చు పక్కన నువ్వంటించిన అట్ట ఇంకా ఉంది: ‘ఇది బంద్ చేస్తే ఎనుక లచ్చవ్వ ఇంట్ల నీళ్లు రావు. ఆమెను అడగక ముట్టకు.’ ఇంత రామాయణమెందుకని నవ్వి, నీ అట్టలను ఎన్నిసార్లు తారుమారు చేశానో!

నిన్న రద్దు దగ్గర నీ తీరులోనే రాశాను: ‘ఇది వాడితే ఒకరి వరి పొలంలోనే తడుస్తుంది. వాళ్లను అడగక ముట్టకు.’

ఇప్పుడది రద్దు చేసే ముందు ప్రతివాళ్లనూ రెండుసార్లు అడుగుతోంది. అచ్చం నీలాగే ప్రాణం తీస్తోందన్నా. మార్చబుద్ధి కావడం లేదు.