మిరప కళ్లంలో నీ చోటు

భారతీ,

నువ్వు పోయి ఏడాదయింది. మీ కళ్లంలో మళ్ళీ మిరపకాయలు ఎండబోశారు. రంగు తప్పిన తాలుకాయలు ఏరే ఆడవాళ్ళు నన్ను రమ్మని కబురు పెట్టారు. నువ్వడిగే చిక్కుప్రశ్నలు లేక వాళ్ళకు పొద్దుపోవడం లేదట.

కాలేజీలో తత్వశాస్త్రం చెప్పేది నేను. దాన్ని ఈ ఆడవాళ్ళ మధ్య నవ్వులాట చేసింది నువ్వు. అందుకే వెళ్ళి నీ పాత ప్రశ్నే అడిగాను: ఒక్కొక్క కాయే తీసేస్తూ పోతే ఈ రాశి ఎప్పుడు రాశి కాకుండా పోతుంది?

"మేస్త్రి వచ్చి 'ఇంతేనా' అని అరిచినప్పుడు!" అంది సుబ్బులు.

"నువ్వేరితే ఏ రాశైనా ఏడాదికీ తరగదులేవే!" అంది మరియమ్మ.

అందరం నవ్వాం. అంతలో మరియమ్మే అడిగింది: "పంతులమ్మగారూ, భారతమ్మ పైనించి మనల్ని చూస్తా ఉంటదంటారా?"

నువ్వయితే "నువ్వేమంటావే?" అని ఎదురడిగేదానివి. మధ్యాహ్నందాకా వాదించుకునేవాళ్ళు. నేను నిజం చెప్పాను.

"నాకు తెలియదు మరియమ్మా."

వాళ్ళు తలలు వంచుకుని మళ్ళీ కాయలు ఏరడంలో పడ్డారు. ఎండుకాయల గలగల ఒక్కటే వినబడింది. నేను లేస్తుంటే "ఎండ ముదురుతా ఉంది, ఇంటికెళ్ళండమ్మా" అన్నారు, ఎంతో మర్యాదగా.

రేపు రమ్మని ఎవరూ అనలేదు.