సాంతా లుగార్దా కావలికర్ర

వాట్సన్‌విల్, కాలిఫోర్నియా
సెప్టెంబరు 4

సాంతా లుగార్దా ఊరి సభ కార్యదర్శి, పెద్దలు అబుందియో గారికి,

నమస్కారాలు. నేను ఇక్కడి రెండిళ్ళ కుటుంబాల సహాయ కేంద్రంలో పనిచేస్తున్నాను. స్ట్రాబెర్రీ తోటల్లో పళ్ళు కోసే మెక్సికోలోని మీ వహాకా రాష్ట్రం వాళ్ళకి ఇక్కడ డాక్టరునీ బడినీ చూపించడం, అక్కడ వాళ్ళ పెద్దవాళ్ళ మంచిచెడ్డలు కనుక్కోవడం మా పని. మీ ఊరి సిరిలో అనే అతనికి జనవరి నుంచి ఊరి కావలివాడిగా ఉద్యోగం ఇచ్చారని తెలిసి సంతోషించాం. అయితే అతనికి ఇక్కడ భార్య ఎల్మిరా, ఇప్పుడిప్పుడే నడక నేర్చిన కొడుకు ఉన్నారు. కాగితాలు లేని మనిషి. సరిహద్దు దాటి మీ దగ్గరికి వస్తే మళ్ళీ ఇటు చేరడం ఆ ఎడారి దయ. కనుక ఆ ఉద్యోగం అర్హుడైన మరొకరికి ఇవ్వవలసిందిగా మనవి.

విధేయురాలు,
మరిసెలా

తా.క. జీతం, సెలవుల వివరాలు పంపితే సిరిలో ఫైల్లో పెట్టుకుంటాం.

*

సాంతా లుగార్దా
సెప్టెంబరు 20

మరిసెలా అమ్మాయికి, అబుందియో మేష్టారు దీవించి రాయునది.

నీ ఉత్తరం సభలో చదివితే నవ్వుతారని ఇంట్లోనే చదువుకున్నాను. రోము చరిత్ర మూడు సంపుటాలూ చదివినవాణ్ణి. అందులో ఎక్కడా కావలివాడు సెలవులెన్ని అని అడిగినట్టు లేదు.

ఇది ఉద్యోగం కాదమ్మా, వంతు. మా ఊళ్ళో పెళ్ళయిన ప్రతి మగాడూ పిలుపొచ్చినప్పుడు ఏడాదిపాటు ఊరి చాకిరీ చెయ్యాలి. జీతం లేదు, తిండి ఇంటినుంచే. కర్ర పట్టుకుని తిరగాలి, గంట కొట్టాలి, చావడి ఊడ్చాలి. రానివాడి పేరు ఊళ్ళోంచి కొట్టేస్తాం. కొండమీంచి వాడి ఇంటికొచ్చే నీటిగొట్టం కోసేస్తాం, ఇంటిస్థలం ఊరిదైపోతుంది. ఆ ఇంట్లో ఇప్పుడున్నది వాడి తల్లి ఎఫ్రసీనా. పాపమే, కాదనను. కానీ ఆవిడ మొగుడు, బడి పైకప్పు వేసిననాడు మేమంతా దూలాలు మోస్తుంటే, నీడన పడుకుని నాకు సలహాలిచ్చాడు. పోయినవాడి గురించి చెడుగా మాట్లాడకూడదంటారు. బతికుండగా అన్నా వాడు వినేవాడు కాదు.

నేను ఆరు వంతులు చేశాను. నాకెవరూ సహాయ కేంద్రం పెట్టలేదు.

ఊరి మేలు కోరే,
అబుందియో

తా.క. అర్హుడు అని రాశావు. అర్హత చూసే ఊరైతే మెలితోన్ మాకు అధ్యక్షుడయ్యేవాడు కాడు.

*

వాట్సన్‌విల్
అక్టోబరు 9

గౌరవనీయులైన మేష్టారికి,

మీ ఉత్తరం మా వకీలుకి చూపించాను. జీతం లేకుండా బలవంతంగా పని చేయించడాన్ని ఏమంటారో ఆయన చెప్పారు. ఆ మాట పెద్దవారికి రాయలేను. మీ రాజధానిలోని హక్కుల అధికారికి ఫిర్యాదు పంపాం. ఒక ముసలమ్మ గొంతు ఎండబెట్టి కొడుకుని రప్పించుకోవడం ఏ చరిత్ర పుస్తకంలో ఉందో మీరే చెప్పండి.

మన్నించమని కోరుతూ,
మరిసెలా

తా.క. ముందుజాగ్రత్తగా ఎఫ్రసీనమ్మకి నీళ్ళు పట్టుకోవడానికి పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము పంపిస్తున్నాం.

*

సాంతా లుగార్దా
నవంబరు 6

మరిసెలా అమ్మాయికి,

నీ డ్రమ్ము బస్సు నెత్తినెక్కి ఊరేగుతూ వచ్చింది. నీలం రంగుది. చావడి దగ్గర అందరూ చూస్తుండగా దింపారు. ఏం చేశావో నీకు తెలుసా? గొట్టం కొయ్యడం అంతవరకూ ఉత్త బెదిరింపు. ఏటా ఎవరో ఒకర్ని బెదిరిస్తాం, ఎవరో ఒక బావమరిది వచ్చి వాళ్ళ వంతు చేసిపోతాడు. ఇప్పుడు మెలితోన్ డ్రమ్ము మీద చెయ్యేసి, మన నీళ్ళు అక్కర్లేదని వాళ్ళే చెప్పి పంపారు, ఇక మొహమాటమెందుకన్నాడు. సభకి రోషం వచ్చింది. డిసెంబరు మొదటి ఆదివారం చేతులెత్తి తేలుస్తారు.

ఎఫ్రసీనా ఆ డ్రమ్ముని చావడి ముందు బోర్లించి దానిమీదే కూర్చుంది. కోస్తే తన ఎదురుగా కొయ్యమంటుంది. ఇంటికి పొమ్మని చెప్పబోతే, నీకు పుస్తకాలున్నాయి మేష్టారూ, నాకు కొడుకున్నాడు, ఎవరి పిచ్చి వాళ్ళది అంది.

బదులు మనిషిని పెట్టొచ్చు. కానీ ఏ మనిషిని? నడుం వంగనివాళ్ళంతా మీ స్ట్రాబెర్రీల మీద వంగి ఉన్నారు.

ఇబ్బందుల్లో,
అబుందియో

తా.క. మీ హక్కుల అధికారి వచ్చాడు. టర్కీ కోడి కూర పెట్టాం. మూడోసారి వడ్డించాక ఆయనకి మా ఆచారంలో తప్పేమీ కనపడలేదు.

*

వాట్సన్‌విల్
నవంబరు 21

మేష్టారూ,

డ్రమ్ము సంగతి విని సిరిలో సంచీ సర్దుకున్నాడు. వెళ్తే తిరిగొచ్చే దారి లేదు, వెళ్ళకపోతే అమ్మకి నీళ్ళు లేవు అన్నాడు, అంతే. ఎల్మిరా అతనితో మాట్లాడటం మానేసింది. పిల్లాడు సంచీ మీద ఎక్కి కూర్చుంటున్నాడు.

తప్పు నాది. ఒక్క మాట సభకి చదివి వినిపించండి: సిరిలో బాధ్యత పూర్తిగా మాది, ఊరికి అతను చెయ్యాల్సిందానికి మేం నిలబడతాం. మీ జవాబు వచ్చేదాకా ఆగమని అతన్ని కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాను.

ఎదురుచూస్తూ,
మరిసెలా

తా.క. నిజానికి ఆగింది నా మాటకి కాదు. అతని బూట్లు ఎల్మిరా దాచేసింది.

*

సాంతా లుగార్దా
డిసెంబరు 8

మరిసెలా అమ్మాయికి,

ముందు సిరిలోని సంచీ విప్పమను. గొట్టం కొయ్యలేదు. వాడు రానక్కర్లేదు. ఇక తాపీగా చదువుకో.

సభలో ఉత్తరాలు చదవాల్సింది గుమాస్తా. ఈసారి టోపీ తీసి నేనే లేచాను. సిరిలో బాధ్యత పూర్తిగా మాది అన్న ముక్క దగ్గర మెలితోన్ చెయ్యెత్తాడు.

"మేష్టారూ, ఈ మాట ఎవరిది?"

"కాలిఫోర్నియాలో ఒక పిల్లది."

"ఆ పిల్ల ఇక్కడుందా?"

"లేదు."

"మరి మాట్లాడుతున్న నోరెవరిది?"

అందరూ నా వంక చూశారు. మా ఊళ్ళో, లేనివాడి తరఫున సభలో నోరు విప్పినవాడే వాడి బరువు మొయ్యాలి. కాగితానికి చేతులుండవు, కర్ర పట్టుకోలేదు. మెలితోన్ ఆ కర్ర తెచ్చి, డెబ్బై రెండేళ్ళ నా చేతిలో పెట్టి, జనవరి నుంచి చావడి ఊడవమన్నాడు. ఇరవయ్యేళ్ళుగా ఆ మనిషి మొహంలో అంత సంతోషం చూడలేదు.

ఎఫ్రసీనా గుమ్మంలోంచి, మేష్టారు మంచోడేం కాదు, అయినా ఆ వయసులో కర్ర ఎలాగూ కావాలిగా అంది. చావడి మొత్తం నవ్వింది.

నోరు విప్పినవాడిదే బరువనే ఆ ఆచారం బళ్ళో ముప్ఫయ్యేళ్ళు పాఠం చెప్పింది నేనే. దాన్నుంచి నువ్వేమీ ఊహించుకోనక్కర్లేదు. ఆ ఇంటివాళ్ళంటే నాకిప్పటికీ పడదు.

ఇట్లు,
అబుందియో,
ఊరి కావలివాడు

తా.క. కావలివాడికి జీతం లేదు గానీ ఒక్క అధికారం ఉంది. తాగి వీధిలో పడ్డవాణ్ణి, ఎంతటివాడైనా సరే, తెల్లారేదాకా చావడి గదిలో వేసి తాళం పెట్టొచ్చు. జనవరి ఆరు మాకు పండగ. మెలితోన్ ఇంతవరకూ ఏ పండగకీ తన కాళ్ళమీద ఇల్లు చేరింది లేదు.