మా నాలుగు కిలోమీటర్లు కొట్టేయండి

కాలువల సెక్షన్ ఇంజనీరు గారి సముఖానికి,

అయ్యా,

విషయం: మా పేట నుంచి లాకుల వరకు గల నాలుగు కిలోమీటర్ల కాలువను దేశ జలమార్గాల లెక్కలోంచి తొలగించుట గురించి.

మండపేట అవతల కాలువ గట్టున ఉన్న మా పేటలో పద్దెనిమిదేళ్లుగా పడవ నడుపుకుంటున్న వీరదుర్గ అను నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. కాలువ నిండా గుర్రపుడెక్క పట్టి పడవ కదలడం లేదని, తీయించమని జూన్ నెలలో తమరికి అర్జీ ఇచ్చియుంటిని. జవాబు అందినది. "సదరు కాలువ నౌకాయానమునకు యోగ్యమైనదిగా నమోదై ఉన్నందున ఫిర్యాదు ముగించడమైనది" అని ఉన్నది. దాంతోపాటు ఏ దేశంలో ఎంత జలమార్గం ఉన్నదో చూపే పట్టిక కూడా జతచేసితిరి. చైనాలో లక్ష కిలోమీటర్లకు పైన, రష్యాలో లక్ష, బ్రెజిల్‌లో యాభై వేలు, మన దేశంలో పద్నాలుగు వేల అయిదు వందలు. మన అంకె కింద ఎర్ర ఇంకుతో గీత గీసితిరి. అందులో మా నాలుగూ ఉన్నవని తమరి భావమని గ్రహించితిని.

2. ఆగస్టు పన్నెండున పొద్దున్న తొమ్మిదింటికి, చేలో కలుపు తీస్తున్న మా పక్కింటి రూబీని పాము కరిచినది. వానలకు గట్టు రోడ్డు తెగిపోయినందున అంబులెన్సు లాకుల దగ్గరే ఆగిపోయినది. రూబీని, ఆమె భర్త ఫిన్నీని పడవ ఎక్కించుకుని బయలుదేరితిని. డెక్క లేకపోతే ముప్పావుగంట దారి. సగం దూరం వెళ్లేసరికి పడవ తోసే గెడ నీళ్లలోకి దిగలేదు. డెక్క వేళ్లు అంత మందంగా అల్లుకున్నాయి. ఫిన్నీ పీకల్లోతు నీళ్లలో దూకి కొడవలితో కోస్తూ పడవని లాగాడు. నేను వెనక నుంచి నెట్టాను. "అక్కా, లాకులు కనపడుతున్నాయా?" అని రూబీ అడుగుతూనే ఉంది. కనపడుతున్నాయని అబద్ధం చెప్పాను. కాసేపటికి అడగడం మానేసింది. లాకులు చేరేసరికి రెండు గంటలు పట్టిందండి.

3. రూబీ బతికింది. కుడి పాదం తీసేశారు. "ఇంకాస్త ముందు తీసుకురావాల్సిందమ్మా" అన్నారు డాక్టరు గారు. తమరి పట్టిక ఆయనకి చూపించలేదు. చూపించాల్సింది.

4. గత ఆదివారం ప్రార్థన అయ్యాక మా పేట వాళ్లమంతా కాలువలో దిగి, ఒక్క పడవ పట్టేంత దారి కోసుకున్నాము. సోమవారం తమరి సిబ్బంది వచ్చి, శాఖ వారు శుభ్రం చేయించినట్టు బోర్డు పట్టుకుని మరీ ఆ దారిని ఫోటో తీసుకున్నారు. మా చేతుల మీద దద్దుర్లు ఇంకా తగ్గలేదు.

కావున డెక్క తీయించమని ఈసారి అడగడం లేదు. పడవ నడవని నీటిని జలమార్గం అనకండి. మా నాలుగూ కొట్టేసి, పద్నాలుగు వేల నాలుగు వందల తొంభై ఆరు అని రాసుకోండి. ఎందుకు తగ్గిందో తెలిసేలా పక్కన రూబీ పేరు రాసి, తమరే సంతకం పెట్టండి.

చదివే తీరిక దొరికిన రోజున చిత్తగించవలెను.

తమ విధేయురాలు అని రాయక తప్పని,
వీరదుర్గ

మరొక మాట: ఇది రాస్తుండగా తమరి గుమాస్తా రాజ్ కుమార్ గారు రూబీ ఇంటికి వచ్చారు. సమస్య పరిష్కారమైనదని రాసి ఉన్న కాగితం మీద సంతకం పెట్టమన్నారు. "ఊరికే ఫార్మాలిటీ అండి" అన్నారు. రూబీ పెట్టనంది. ఆయన గంటసేపు వాకిట్లో ఎండలో నిలబడ్డారు. గడప దాకా వచ్చిన మనిషికి మా పేటలో ఎవ్వరమూ కుర్చీ వెయ్యకపోవడం ఇదే మొదటిసారి.