పొగగొట్టం లేని పొయ్యి

కర్నూలు
జూన్ 14, 1954, సోమవారం

పాప పుట్టి ఇవాళ్టికి పన్నెండు రోజులు. అమ్మ లేదు కాబట్టి పురుడు అత్తగారింట్లోనే అయింది. నన్ను వెనక గదిలో ఉంచారు. బాలింతకు గాలి తగలకూడదని అత్త కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కింది. మూడో నెల వచ్చేదాకా గడప దాటకూడదట. బడి రోజుల నోట్‌బుక్ ఒకటి పెట్టెలో దొరికింది. ఇది రాస్తున్నాను.

జూన్ 17

కర్నూలు రాజధాని అయ్యాక మద్రాసు నుంచి వచ్చిన ఆఫీసర్లు ఇంటి ముందున్న మా హోటల్లో కాఫీతో బ్రెడ్ అడుగుతున్నారు. అందుకని మావారు నా గదికి ముందున్న సామాన్ల గదిలో బేకరీ పొయ్యి కట్టిస్తున్నాడు. నేను బయటికి పోవాలంటే ఆ గదిలోంచే పోవాలి, అక్కడినుంచి పెరటి తలుపు.

బేకర్ పేరు ఏసురాజు. బళ్లారిలో మిలిటరీ వాళ్ల దగ్గర పని నేర్చాడట. మిద్దె పైకి పొగగొట్టం పెట్టాలని మొదటి రోజే అడిగాడు. పై గదిలో అద్దెకున్న ఆఫీసరు ఒప్పుకోలేదు. తన గదిలో బొక్క పెడితే ఊరుకోనన్నాడు. ఆఫీసర్ల మెస్‌కి బ్రెడ్ ఆర్డరు ఇప్పిస్తానన్నది ఆయనే. మావారు గొట్టం మాట వదిలేశాడు.

జూన్ 30

పొయ్యి వెలిగించారు. కట్టెల పొగ ఇల్లంతా కమ్మింది. ఆఫీసరు దగ్గుకుంటూ దిగివచ్చాడు. రేపటి నుంచి కట్టెలు వద్దు, బొగ్గులే అన్నాడు మావారు.

జూలై 2

తలుపు ఇవతల నుంచి విన్నాను. ఏసురాజు ఎప్పుడూ గొంతెత్తడు. ఇవాళా ఎత్తలేదు.

"బొగ్గుకు పొగ కనపడదు సామీ. ఇసం గూడా కనపడదు. బళ్లారిలో ఇద్దురు సిపాయిలు కుంపటి పెట్టుకోని పండుకున్యారు. మళ్ల లేయలేదు."

పొగే లేనప్పుడు గొట్టం దేనికని మావారు నవ్వాడు. చివరికి పెరటి తలుపు ఎప్పుడూ తెరిచి ఉంచేటట్టు ఒప్పందం అయింది.

జూలై 9

తలనొప్పి.

జూలై 13

మళ్ళీ తలనొప్పి, వాంతి. దిష్టి అని అత్త ఉప్పు తిప్పిపోసింది. పాప పాలకు కూడా లేవడం లేదు. బుద్ధిమంతురాలు, తల్లిని సతాయించదు అని అత్త మురిసిపోతోంది. నాకు భయంగా ఉంది. కిటికీలో ఒక్క గుడ్డయినా తీయమన్నాను. బిడ్డకు జలుబు చేస్తే ఎవరిది పూచీ అని అడిగింది.

కోయిలకుంట్లలో అన్న దగ్గరికి పంపమన్నాను. మూడో నెల తర్వాత అన్నాడు మావారు.

జూలై 18, ఆదివారం

ఇవాళ తలనొప్పి లేదు. పాప నాలుగుసార్లు లేచి పాలు తాగింది. ఏసురాజు చర్చికి పోయాడు. పొయ్యి వెలగలేదు.

పోయిన ఆదివారం కూడా ఇంతే. ఈ సంగతి మావారికి చెప్పాను. చదువుకున్నదాన్ని చేసుకుంటే ఇట్లాగే ఉంటుంది అన్నాడు.

జూలై 24

రెండు రోజులు పెన్ను పట్టలేకపోయాను.

గురువారం పొద్దున జడివాన. జల్లు మైదా మూటల మీద పడుతోందని మావారు పెరటి తలుపు మూశాడు. గాలికి తెరుచుకుంటోందని బయట గడియ పెట్టి ముందు హోటల్లోకి పోయాడు. ఆ చప్పుడు విన్నాను. పొయ్యి వెలుగుతోంది. ఏసురాజు లోపలి నుంచి సామీ, సామీ అని పిలవడం కూడా విన్నాను. వాన హోరులో హోటల్ దాకా వినిపించి ఉండదు.

తర్వాత నాకు మెలకువ వచ్చేసరికి కాళ్ళు నావి కానట్టున్నాయి. పాప పెదవులు దొండపండులా ఎర్రగా ఉన్నాయి. కదిపితే కదల్లేదు. మంచం మీద నుంచి పడ్డాను. పాకుతూ పోయి కిటికీ గుడ్డలు పీకాను. రెక్క తోసి, పాప మొహాన్ని ఊచలకు ఆనించి అరిచాను. వాన పాప మీద కొట్టింది. చాలాసేపటికి మూలిగింది.

సందులో పోతున్న బండి మనిషి విని పెరట్లోకి ఉరికి గడియ తీశాడు. ఏసురాజు తలుపు దగ్గరే బోర్లా పడి ఉన్నాడు. వేళ్ళు గడప సందులో ఉన్నాయి.

గుండె ఆగి చనిపోయాడని మావారు అందరికీ చెప్పాడు. డాక్టరును పిలవలేదు.

సాయంత్రం అతని పెద్దక్క వచ్చింది. భీమమ్మ. ఏడవలేదు. అందరినీ దాటుకుని, గడప లోపల కూర్చున్న నా దగ్గరికి వచ్చింది.

"తలుపు ఎవురు మూసినారమ్మా?"

మావారు పక్కనే ఉన్నాడు. అత్త నా భుజం గిల్లింది.

"మా ఆయనే మూసినాడక్కా. బయట గడె పెట్టినాడు."

కోయిలకుంట్ల
జూలై 28

నా మాట వల్ల ఇంటి పరువు పోయిందట. మూడో నెల కాకుండానే పంపేశారు. అన్న ఇంట్లో రెండు కిటికీలు.

ఆగస్టు 11

మావారు వచ్చాడు. గొట్టం కట్టించాను, ఇంక రమ్మన్నాడు. భీమమ్మ పోలీసులకు అర్జీ పెట్టిందట, నేను ఏం చెబుతానో అడిగాడు. చూసిందే చెబుతానన్నాను. వెళ్ళేటప్పుడు పాపను ఎత్తుకున్నాడు, వెంటనే ఇచ్చేశాడు.

అన్న గొట్టం ఒకసారి చూసి రమ్మన్నాడు, తోడు వస్తానన్నాడు.

ఆగస్టు 16, కర్నూలు

ఆఫీసరు కిటికీకి అడ్డం రాకూడదని మావారు గొట్టాన్ని సగంలోనే ఆపించాడు. తడిగడ్డి వెలిగించి కింద పెట్టాను. పొగ కొంచెం పైకి పోయి, వెనక్కి తిరిగి, గదిలోకి దిగింది. మావారు చూశాడు.

మేం వచ్చిన జట్కాలోంచి నా పెట్టె దింపలేదు.