క్యాసెట్ ఆగిపోయిన చోటు

మణుగూరు, ఆదివారం రాత్రి

నా దోస్తు యాకూబ్ పోయి నలభై రోజులు. ఈరోజు వాళ్ళింట్లో ఫాతిహా ప్రార్థనకు, భోజనానికి వెళ్ళాను. లేచి వస్తుంటే వాడి భార్య షాహీన్ ఒక పాత క్యాసెట్ చేతిలో పెట్టింది.

"అన్నా, ఇది మీకే ఇయ్యమన్నరు. దవాఖానాల రెండు మూడుసార్లు చెప్పిండ్రు."

బజార్లో వాడికి రికార్డింగ్ షాపు ఉన్న రోజుల్లో ఎక్కించిన ఇంగ్లండ్ బ్యాండ్ ఆల్బమ్ అది. ఒక్క పాటైనా నవ్వదు. నేను గనిలో డ్యూటీ దిగి నేరుగా షాపుకే వెళితే, షట్టర్ సగం దించి వినేవాళ్ళం. అరవై నిమిషాల క్యాసెట్ చాలక చివరి పాట మధ్యలోనే టక్కున ఆగేది. అప్పుడు యాకూబ్ కళ్ళు మూసుకుని మిగతాది పాడేవాడు. అంత దిగులు పాట కూడా వాడి గొంతులో చివరికి తెల్లవారినట్టుండేది.

"గిట్ల పోతది రా. నేను సీడీల మొత్తం విన్న."

ఇరవై ఏళ్ళు నమ్మాను.

క్యాసెట్ వేయడానికి ఇంట్లో టేప్‌రికార్డర్ లేదు. ఫోన్లో ఆల్బమ్ వెతికి పెట్టాను. మా క్యాసెట్ ఆగే చోటు దాటాక ఆ పాటలో మాటే లేదు. గిటార్ మోత కాసేపు సాగి ఆగిపోయింది. వాడు పాడిందంతా వాడి సొంతం. దొంగ వెధవ!

వాడు ఖమ్మం దవాఖానాలో ఉన్నన్ని రోజులూ చూడ్డానికి రేపు పోదాంలే అనుకుంటూ, ఒక్కసారీ పోలేదు.

ఇప్పుడు వాడి వరస పాడుకుందామంటే మొదటి ముక్కే వస్తోంది. ఎప్పుడూ వాడే పాడేవాడు కదా, నేను నేర్చుకోలేదు.