బియ్యం సుంకం తగ్గింది, కుయా

కుయా,

మీ భాషలో అన్నని ఇలాగే పిలుస్తారని నువ్వే నేర్పావు. గుండె ఆగి నువ్వు పోయి నెలయింది. ఉన్నా ఈ తెలుగు చదవలేవు కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నాను.

మీ ఫిలిప్పీన్స్ ప్రభుత్వం బయటి దేశాల బియ్యం మీద సుంకం తగ్గించింది. దుబాయ్ రాకముందు నువ్వు అక్కడి సర్కారు పరిశోధన సంస్థ కోసం ఊరూరా తిరిగి బియ్యం ధరల సర్వే చేసినవాడివి. "పేదల మీద సర్వేలు బీరువాలో చెదలకే" అని మన ఈ లేబర్ క్యాంపు గదిలో నేను అరిస్తే నవ్వేవాడివి. "వడ్లు అమ్మేవాణ్ణి అడిగి ఆగిపోకు తమ్ముడూ, బియ్యం కొనేవాళ్ళనీ అడుగు" అనేవాడివి.

చౌక బియ్యం దింపి అక్కడి రైతు గొంతు కోశారని మా ఊరి మిత్రుల పత్రికకు ఆవేశంగా వ్యాసం రాశాను. పంపేముందు, ఇక్కడే దుబాయ్‌లో, ఇంటర్నేషనల్ సిటీ ఇళ్ళలో పనిచేసే మీ ఆవిడకు, వదినకు, ఫోన్ చేసి అడిగాను.

"మా అన్న వరి వేశాడు భయ్యా, ఖలాస్, ఏడుస్తున్నాడు" అంది. మళ్ళీ తనే, "పట్నంలో మీ కుయా చెల్లెలు మాత్రం, బియ్యం చౌకైతే పిల్లలకి రెండోసారి అన్నం పెట్టొచ్చేమో అంటోంది" అంది.

వ్యాసం పంపలేదు, చింపనూ లేదు. ఆ ఇద్దరి మాటా వ్యాసం కిందే రాసుకున్నాను. ఇప్పుడేం చెయ్యాలో అడుగుదామని తలెత్తితే, నీ మంచం మీద కొత్త మనిషి దుప్పటి పరుచుకుంటున్నాడు.