మడమ లేచేదాకా

అమ్మకు,

నమస్కారాలు. నేనిక్కడ క్షేమం. నువ్వూ, అక్కా, బావగారూ అక్కడ క్షేమమని తలుస్తాను. క్షేమమనే మాట ఏ ఉత్తరంలోనైనా చెయ్యి దానంతటదే రాసేస్తుంది. ఈసారి మాత్రం ఆగి, ఆలోచించి రాశాను. జ్వరం లేదు, దగ్గు లేదు. వేళకు తింటున్నాను, పడుకుంటున్నాను, లేస్తున్నాను. దీన్ని క్షేమం కాదంటే ఎవరూ ఒప్పుకోరు.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు చెబుతాను. వంటింటి పైకప్పు కారడం ఆగింది. ఇంటివాళ్ళు మనిషిని పంపారు, అతను పైకెక్కి తారు పూసి వెళ్ళాడు. ఇప్పుడు పడకగదిలో కారుతోంది. బాల్చీ అక్కడికి జరిపాను. తలకు నూనె రాసుకుంటున్నాను, నీ మీద ఒట్టు. తమ్ముడి సైకిలు కిందింటావిడ అడిగితే ఇచ్చేశాను. ఇచ్చేటప్పుడు ఏమనిపించిందే అంటావేమో, వెనక చక్రంలో గాలి తక్కువగా ఉందనిపించింది. అంతకుమించి ఏమీ అనిపించలేదు. వాడి చెప్పుల సంగతి చివర రాస్తాను.

ఆఫీసులో ఇప్పుడు గిన్నెల కంపెనీ వాళ్ళ కేటలాగు పని నడుస్తోంది. తెల్లగుడ్డ మీద గిన్నె పెట్టడం, లైటు సరిచేయడం, నొక్కడం, తీసేయడం, ఇంకో గిన్నె పెట్టడం. గిన్నెలు కళ్ళు మూయవు, నవ్వమని బతిమాలక్కర్లేదు. మెరిసేవాటిలో నా నీడ పడకూడదని నల్లగుడ్డ చాటున నిలబడి తీస్తాను. నాకిప్పుడు ఇలాంటి పనే నయం.

ఏడ్చావా అని అడిగావు. లేదమ్మా. తమ్ముడు పోయిన రోజున అక్క నన్ను పట్టుకుని ఏడుస్తుంటే దాని జడ ఊడిపోతోందని చూస్తూ నిలబడ్డాను. "ఇదేమిటే, రాయిలా ఉంది!" అని పెద్దమ్మ అనడం కూడా విన్నాను. రాయి కాదమ్మా. మఠం వేసుకుని చాలాసేపు కూర్చుంటే కాలు తిమ్మిరెక్కి మనది కానట్టు ఉంటుంది చూడు, మనిషి మొత్తం అలా అయ్యాను. గిచ్చితే గిచ్చినట్టు తెలుస్తుంది, నొప్పి మాత్రం రాదు.

"ఆదివారాలు ఇంట్లో ఒక్కదానివే పడి ఉండకు" అని రాశావు. ఉండడం లేదు. ఫొటోలకు ఫ్రేములు కట్టే బాబాయి కొట్టు వెనక గదికి ఎప్పటిలాగే వెళ్తున్నాను. ఆ గది నువ్వు చూడలేదు. ఈ గోడ నుంచి ఆ గోడకు ఒక తాడు, దానికి బట్టలారేసే క్లిప్పులు, ఒక్కొక్కరిది ఒక్కో రంగు. నాది ఆకుపచ్చ. ఆ వారం ఎవరు తీసిన ఫొటో వాళ్ళు తమ క్లిప్పుకు తగిలిస్తే, మిగతావాళ్ళు మొహమాటం లేకుండా ఏకిపారేస్తారు. బాబాయి, నేను కాక ఇంకో ఇద్దరు. టీచరమ్మ బస్సు కిటికీలోంచి తప్ప ఎక్కడి నుంచీ తీయదు. పాసుపోర్టు మామకు స్టూడియో ఉంది. రోజంతా "గడ్డం కిందికి, ఇంకాస్త కిందికి, ఆఁ, కదలకండి" అంటూ ముఖాలు తీయడమే ఆయన పని.

తమ్ముడు పోయాక ఒట్టి చేతులతో వెళ్ళి మూల స్టూలు మీద కూర్చునేదాన్ని. ఎవరూ ఓదార్చలేదు. ఆ పుణ్యానికే మళ్ళీ మళ్ళీ వెళ్ళాను. కొన్ని వారాలయ్యాక ఒకరోజు చూద్దును కదా, నా ఆకుపచ్చ క్లిప్పుకు ఏదో ఫొటో వేలాడుతోంది.

"బాబాయ్, అది నాది కాదు," అన్నాను.

"నీ క్లిప్పుకే కదా ఉంది? అయితే నీదే," అన్నాడు ఆయన, చెక్కకు చెక్క అతికిస్తూ, తల కూడా ఎత్తకుండా.

ఆ తర్వాతి వారం ఇంకోటి. నా చోటు ఖాళీగా ఉండకూడదని ముగ్గురూ వంతులు వేసుకున్నారట. ఊరికే తీసి తగిలించడం కాదమ్మా, నాలా తీసి తగిలిస్తున్నారు. నేనెప్పుడూ నేల మీద చతికిలబడి, మనుషుల్ని వెనక నుంచి తీస్తాను కదా. "ముఖం లేని ఫొటో కూడా ఒక ఫొటోయేనటే" అని నువ్వు దెప్పుతూనే ఉంటావు. నాలా తీయడానికి టీచరమ్మ బస్సు దిగింది. పుట్టి బుద్ధెరిగి ముఖాలు తప్ప తీయని మామ, మోకాళ్ళ నొప్పులతో బజారు మధ్య నేల మీద కూలబడ్డాడు. తిరిగి లేపడానికి దారినపోయేవాళ్ళు ఇద్దరు పట్టాల్సి వచ్చిందట. బాబాయి అది చెబితే అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాలని తెలుసు. వాళ్ళ చేతులు పట్టుకుని ఓ మంచిమాట అనాలని కూడా తెలుసు. అనలేదు. చూశాను, ఊరుకున్నాను.

పోయిన ఆదివారం టీచరమ్మ వంతు. మూట నెత్తిన పెట్టుకుని ఒకావిడ మెట్లెక్కుతోంది. వెలుతురు బాగుంది, మెట్లు బాగున్నాయి, అన్నీ బాగున్నాయి. అయినా నాకు ఒళ్ళు మండింది. ఎందుకో తెలియలేదు. చొక్కాలో చీమ దూరినట్టు కుదురు లేదు. లేచి వెళ్ళి ఫొటో ముందు నిలబడ్డాను.

"తొందరపడి నొక్కేశారు టీచరమ్మా. ఇంకొక్క క్షణం ఆగాల్సింది. మడమ ఇంకా లేవలేదు," అన్నాను.

ఒక ఫొటోలో తప్పు పట్టి నేనక్కడ అన్నాళ్ళకు అన్న మొదటి మాట అది. అదీ తాతకు దగ్గులు నేర్పినట్టు టీచరమ్మకు పాఠం.

ఆవిడ ఏమీ అనుకోలేదు. కళ్ళజోడు సర్దుకుని దగ్గరికొచ్చింది. "మడమా? మడమ ఎందుకు లేవాలమ్మా?"

ఎందుకో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఏ ఫొటోకైనా మడమ లేచేదాకా ఆగుతాను, లేవగానే నొక్కుతాను. అది నా చేతి అలవాటు అనుకున్నాను. జవాబు చెప్పడానికి నోరు తెరిస్తే, నేను అనుకోని మాట బయటికొచ్చింది.

"మా తమ్ముడు అలా నడిచేవాడు."

మునివేళ్ళ మీద. "పిల్లిలా ఏమిట్రా ఆ నడక, మడమ ఆనించు" అని నువ్వు వాడి వెంటపడి అరిచేదానివి కదా. చిన్నప్పటి నుంచీ వాడు ముందూ నేను వెనకా నడిచి, నా కంటికి అదే అలవాటైపోయినట్టుంది. ఇన్నేళ్ళూ ఎవరెవరి వెనకో పడి నేను తీసింది వాడినే. నాలా తీయబోయి వీళ్ళు తప్పు తీస్తే గాని నాకది తెలియలేదు.

అప్పుడైనా ఏడ్చావా అంటావు. లేదు. కళ్ళు కాస్త మండాయి. తిమ్మిరి వదిలేముందు సూదులు గుచ్చుకుంటాయి చూడు, అలా ఎక్కడో గుచ్చుకుంది. మళ్ళీ పోయింది.

మామ పరీక్ష రాసిన పిల్లాడిలా, "మరి నేను తీసిన గొడుగాయనకు మడమ లేచిందా?" అన్నాడు.

"లేచింది మామా," అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

ఇక ఇక్కడ నీకొక మాట చెప్పాలి. ఉత్తరం మొదట్లోనే రాద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు. వానలో గొడుగు పట్టుకుని వెళ్తున్న ఆ ముసలాయన ఫొటో, నువ్వు మంచానికి ఎదురుగా గోడకు పెట్టుకున్నది, నేను తీసింది కాదమ్మా. అది మామ తీసింది. ఒక్క ఫొటో అయినా పంపవే అని నువ్వు రాస్తే, ఆకుపచ్చ క్లిప్పుకు ఉన్నది తీసి కవర్లో పెట్టాను. నేను తీశానని రాయలేదు, తీయలేదనీ రాయలేదు. "ఆఫీసు పనికి కాకుండా నీ చెయ్యి మళ్ళీ కెమెరా మీదికి వెళ్ళింది, నాకది చాలు. ఎందుకో తెలియదు గాని ఆయన్ని చూస్తే నిద్ర పడుతోంది" అని నువ్వు జవాబు రాశావు. ఆ ముక్క చదివినప్పటి నుంచీ నిజం రాయడానికి భయం. ఈ ఉత్తరం చదివాక నీ నిద్ర పోతుందేమోనని ఇప్పటికీ భయమే. ఎందుకు నిద్ర పట్టిందో మాత్రం ఇప్పుడు నీకూ తెలిసింది కదా. ఆ ఫొటోను గోడ మీద నుంచి తీయకు. నాది కాకపోయినా, నాకోసం మోకాళ్ళు విరగ్గొట్టుకుని తీసింది అది.

దీంతోపాటు ఇంకో ఫొటో పెడుతున్నాను. ఇది నేనే తీశాను. ఆ ఆదివారం అందరూ వెళ్ళిపోతుంటే, మామ వీధి మలుపు తిరగబోతుంటే, బాబాయి కెమెరా అడిగి తీశాను. కాస్త కదిలింది. ఆయన చెప్పులు ఈడ్చుకుంటూ నడిచే మనిషి, మడమ లేవనే లేవదు. ఎంత ఆగినా లేవదని తెలుసు. అయినా నొక్కాను.

చెప్పుల సంగతి. నువ్వు చెప్పావు కదా అని ఎవరికైనా ఇద్దామని మంచం కింద నుంచి తీసి తుడిచాను. ముందు వేళ్ళ దగ్గర అరిగి చిల్లులు పడ్డాయి. మడమ దగ్గర అంగడి ముద్ర కూడా చెరగలేదు, కొత్తవిలా ఉన్నాయి. మళ్ళీ లోపల పెట్టేశాను. వాటిని ఎవరికీ ఇవ్వనమ్మా, ఇమ్మని మళ్ళీ రాయకు.

ఇట్లు,
వాడి వెనకే నడిచిన
నీ చిన్న కూతురు